నమోదైనవారు నలుగురు

గేటు పక్కన సెక్యూరిటీ గది ముందున్న సిమెంటు బల్ల మీద కూర్చుని రవళి మళ్లీ ఫోన్ తీసింది, తమ ఊరి ఐలన్న నంబరు నొక్కింది, అవతల మోగేలోపే కట్ చేసింది. ఇది నాలుగోసారో ఐదోసారో. ఎనిమిదిన్నర దాటింది. ఈపాటికి ఊరివాళ్లు ఎక్కిన డీసీఎం సరుకుల బండి జిన్నారం దాటి ఉంటుంది. ఇరవై ముగ్గురు మనుషులు, ఇరవై మూడు సీసాల్లో ఇరవై మూడు బోర్ల నీళ్లు. వాళ్లలో రవళి నాయిన పెద్దరాములు, ఆమె అవ్వ అని పిలిచే తల్లి మొగులమ్మ. గుమ్మడిదల పక్క ఊరి నుంచి అందరూ కలిసి ఈ కాలేజీకి వస్తున్నారు, ఇక్కడ ఒక గదిలో తమ కోసం కుర్చీలు వేసి ఉంటాయని, పెద్ద చదువులు చదివినవాళ్లు ఎదురుగా కూర్చుని తాము చెప్పేది వింటారని. ఆ గది లేదు. నిన్న సాయంత్రం ఐదింటి దాకా ఉంది, ఐదు దాటాక లేదు. ఆ సంగతి రవళికి పొద్దున ఆరింటికి తెలిసింది, వాళ్లు బయల్దేరింది ఏడున్నరకు, మధ్యలో గంటన్నర ఉంది. ఆ గంటన్నరలో ఒక్క ఫోన్ చేసి ఆగమని చెబితే అయిపోయేది. చేయలేదు. ఎలాగో సర్దుబాటు చేయగలననుకుంది. ఎలాగో సర్దుబాటు చేయగలననుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

లోపల ఆడిటోరియంలో ఎవరో హలో హలో అని మైకు సరిచూస్తున్నారు. తొమ్మిదిన్నరకు ప్రారంభం. పక్కన నిలబడి మనిషి చెప్పక్కర్లేకుండా తమంతట తామే చూసి, తమంతట తామే తేల్చుకుని, తమంతట తామే పని చక్కబెట్టే కంప్యూటర్ ఏజెంట్ల మీద మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు. పద్నాలుగు దేశాల వాళ్లు వచ్చారు. మొదటి రోజంతా వర్క్‌షాపులే, పదకొండు వర్క్‌షాపులు, పదకొండు గదులు, వాటి ఏర్పాట్లన్నీ రవళి నెత్తిన పెట్టారు. కాంట్రాక్టు మీద పనిచేసే లెక్చరర్ నెత్తి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కదా. ఆరు నెలలు మోసింది. ప్రతిపాదనలు తెప్పించింది, చదివించింది, కాదన్నవాళ్లకు నొప్పి తెలియకుండా ఉత్తరాలు రాసింది, ఎవరు గుడ్డు తింటారో ఎవరు తినరో జాబితా కట్టింది. తన గదిలోకి మధ్యాహ్నం ఎండ పడుతుందా అని మూడుసార్లు మెయిలు పెట్టిన ఒక పెద్దాయనకు మూడుసార్లూ ఓపిగ్గా పడదని జవాబిచ్చి, నాలుగోసారి అడగకుండా కర్టెన్లు వేయించింది. ఎవరి మీదా ఎండ పడకుండా చూసుకోగలిగిన మనిషి. ఇప్పుడు ఈ బల్ల మీద ఎండ సరిగ్గా ఆమె మోకాళ్ల దాకా వచ్చింది, జరగాలన్న ధ్యాస కూడా లేదు.

ఆ పదకొండులో ఒకటి నీళ్లది. పైకి నవీన్ పేరు మీద ఉంది. నవీన్ పీహెచ్‌డీ రోజుల నుంచి స్నేహితుడు, బెంగళూరులో ఉంటాడు. ఏర్పాట్లు చూసేవాళ్లు సొంతంగా వర్క్‌షాపు పెట్టుకోకూడదు కాబట్టి ఆలోచన రవళిది, సంతకం అతనిది. బోరుబావిలో చిన్న మీటరు ఒకటి దించుతారు, ఏజెంటు రాత్రీ పగలూ ఆ అంకెలను కనిపెట్టుకుని ఉంటుంది, నీళ్లలో తేడా వస్తే తనే గుర్తుపడుతుంది, తనే అర్జీ రాస్తుంది, ఏ ఆఫీసుకు పంపాలో తనే తేల్చుకుంటుంది, జవాబు రాకపోతే మళ్లీ రాస్తుంది, మళ్లీ రాస్తుంది, దానికి విసుగు లేదు, కూలి పోదు, బస్సు కోసం నిలబడనక్కర్లేదు. ఈ ముక్క నాయినకు చెప్పడానికి ఒక ఆదివారమంతా పట్టింది. ఏజెంటు అనగానే ఆయన మొహం ముడుచుకున్నాడు, ఆ ఊళ్లో ఆ మాటకు ప్లాట్లు అమ్మిపెట్టే మనిషని అర్థం. మనిషి కాదు నాయినా అని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అంతా విని, బీడీ ఆర్పి, "అది ఆఫీసుకు పోతే దాన్ని కూసోమంటరా?" అని అడిగాడు. దానికి కాళ్లు లేవు, కూర్చోదు అని రవళి నవ్వింది. ఆయన నవ్వలేదు. "మమ్ములనైతే ఒక్కనాడు కూసోమనలే" అన్నాడు. అప్పుడు అనేసింది రవళి. మీరే రండి నాయినా, అందరూ రండి, ఎవరి బోరు నీళ్లు వాళ్లు సీసాలో పట్టుకుని రండి, అందరికీ కుర్చీలు వేయిస్తా, మీరు కూర్చుని చెప్పండి, వాళ్లు కూర్చుని వింటారు అని. ఎంత ధైర్యంగా అందో. చీర కుచ్చిళ్లు దోపుకుంటున్న అవ్వ చేతులాపి ఆమె వైపు చూసింది, ఎక్కువ మాట్లాడుతున్నావేమో చూసుకో అన్నట్టు.

ఒక కంపెనీ బస్సు గేటు ముందు నుంచి వెళ్లింది, షిఫ్టు దిగినవాళ్లు కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్నారు. దాని వెనక ఆమ్లం ట్యాంకరు. నాయిన కూడా ఇలాగే ఒక బస్సులో తల ఆనించి కూర్చున్నాడు, సంగారెడ్డి నుంచి తిరిగి వస్తూ, రవళి అప్పుడు ఎనిమిదో తరగతి. అక్కడ ఒక ఆఫీసులో సోమవారం నాడు అర్జీలు తీసుకునేవారు. బోరు నీళ్లు పచ్చగా వస్తున్నాయని, అన్నం వండితే మెతుకు రంగు మారుతోందని కాగితం రాయించుకుని, కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు నింపి, తమ సీసా వేరే సీసాల్లో కలిసిపోకుండా దాని మెడకు ఎర్ర దారం కట్టి, చదవడానికి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. అక్కడి సారు సీసా తీసుకుని కిటికీలో పెట్టాడు, పరీక్షకు పంపిస్తామన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లారు. సీసా అదే కిటికీలో ఉంది, ఎర్ర దారం కూడా ఉంది, అందులో మనీప్లాంటు తీగ వేశారు, మూడు ఆకులు. సారు కాగితాల్లోంచి తలెత్తి వీళ్లు చూస్తున్నది చూసి, "సూసినవా, మొక్క మంచిగ బతికింది, నీళ్లకేం గాలే" అని నవ్వాడు. నాయిన కూడా నవ్వాడు. అదీ రవళి మర్చిపోలేనిది. సారు నవ్వినందుకు కాదు, నాయిన నవ్వినందుకు. చేతిలో ఉన్న కొత్త కాగితాన్ని మడతపెట్టుకుంటూ, మెడ కొంచెం వంచి, సారు నవ్వు ఒంటరిది కాకూడదన్నట్టు నవ్వాడు. తిరిగి వచ్చే దారిలో పోతిరెడ్డిపల్లి దగ్గర మిరపకాయ బజ్జీలు కొనిచ్చి, మీ అవ్వకు చెప్పకు అన్నాడు, బజ్జీల సంగతో మొక్క సంగతో రవళికి ఇవాళ్టికీ తెలియదు.

"మేడం, ఛాయ్?" అన్నాడు గార్డు, ఒడిశా మనిషి, తన ఫ్లాస్కు చూపిస్తూ. వద్దని తల ఊపింది. గాలి ఇటు తిరిగినట్టుంది, వాసన వచ్చిందేమో, గార్డు ముక్కు నలుపుకున్నాడు. రవళికి రాలేదు. ఆమెకు ఎప్పుడో రావడం మానేసింది. నిన్న విమానం దిగి వచ్చిన ఒకావిడ కారు దిగుతూనే మొహం పక్కకు తిప్పుకుని, ఇక్కడ గ్యాసేమైనా లీకైందా అని కంగారుగా అడిగింది. లేదండీ, ఇది మామూలే అంది రవళి. మామూలే అన్న మాట తన నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో విని తనకే సిగ్గేసింది. అవ్వ ఐదేళ్లు డ్రమ్ములు కడిగింది. కంపెనీల నుంచి వచ్చిన నీలం డ్రమ్ములు, లోపల ఏముండేదో ఎవరూ చెప్పేవాళ్లు కాదు, సబ్బునీళ్లు పోసి బ్రష్షుతో రుద్ది బోర్లించాలి, వాటిని ఊళ్లల్లో నీళ్లు నిలవ చేసుకోవడానికి అమ్మేవాళ్లు. వాళ్లింట్లో కూడా ఒకటుండేది, అవ్వ కడిగిందే. సాయంత్రం వచ్చి రవళికి జడ వేస్తుంటే అవ్వ వేళ్లు గరుకుగా తగిలేవి, గోళ్లు గోధుమ రంగుకు తిరిగి ఉండేవి. ఆ చేతులతోనే ఇవాళ సీసా నింపుకుని ఉంటుంది. మంచి చీర కట్టుకుని ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి అని మొన్న ఫోన్లో అడిగింది, తమాషాకే అడిగినట్టు.

టైము ఎనిమిదీ యాభై. ఇస్నాపూర్ చౌరస్తాలో ఇరుక్కుంటే ఇంకో ఇరవై నిమిషాలు. ఇరుక్కుంటే బాగుండును. బండి టైరు పంక్చరైతే బాగుండును, పెద్దగా ఏమీ కాకుండా ఉత్త టైరు. ఇలా కోరుకునే స్థితికి వచ్చాను కదా అనుకుంది. పోయినేడు ఇంకో చోట జరిగిన సదస్సులో ఒకాయన తన వర్క్‌షాపుకు జనం లేరని ఒకే ఫోన్ నంబరుతో నలభై దొంగ పేర్లు ఎక్కించాడట. తీరా చూస్తే గదిలో ఆయనా, ఆయన భార్యా, తాగునీళ్ల సీసాలూ. అందుకని ఈసారి నియమాలు గట్టిగా ఉండాలన్నారు. ఏజెంట్ల సదస్సును ఏజెంటే నడిపితే చూడముచ్చటగా ఉంటుందని కూడా అన్నారు, అందరూ బల్లలు చరిచారు. నమోదులు లెక్కపెట్టడం, గదులు కేటాయించడం, ఉత్తరాలు పంపడం మొత్తం దానికే అప్పగించారు. దానికి నియమాలు రాసిచ్చింది రవళి. నాలుగే నాలుగు వాక్యాలు. ముందురోజు సాయంత్రం ఐదింటికి పదిహేనుమంది లేని వర్క్‌షాపు రద్దు. రద్దైన గది కిక్కిరిసిన వర్క్‌షాపుకు. ఒక ఫోన్ నంబరుకు ఒక్కరే. నిర్ణయం అయ్యాక దాన్ని మనుషులు మార్చడానికి వీల్లేదు. ఆ నాలుగోది రాసినప్పుడు కమిటీ అధ్యక్షురాలు పద్మావతి మేడం భుజం తట్టి, ఇక ఎవరి ఒత్తిడీ మన మీద పనిచేయదమ్మా అంది. రవళికి ఆ రోజు ఎంత గర్వంగా అనిపించిందో, క్యాంటీన్లో ఒక్కతే కూర్చుని ఉస్మానియా బిస్కెట్లు తిని పండుగ చేసుకుంది.

ఒక ఫోన్ నంబరుకు ఒక్కరే. ఆ వాక్యం రాసిన చెయ్యి ఎక్కడ పెరిగింది? వాళ్ల వాడలో ఒక్కటే నంబరు, ఐలన్నది. ఐలన్న ఒక కంపెనీలో ఇరవై ఏళ్లు స్టోర్‌లో సరుకు ఎక్కించి దించి, డబ్బాల మీద రాతలు చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాడు. అప్పటి నుంచి ఎవరి కాగితమైనా ఆయన నింపాల్సిందే, ఎవరి కాగితం మీదైనా ఆయన నంబరు పడాల్సిందే. గ్యాసుకు అదే, పింఛనుకు అదే, బడి నుంచి వచ్చే సమాచారానికి అదే. తర్వాత్తర్వాత ఇంటింటికీ ఫోన్లొచ్చాయి, అయినా నంబరు రాయాల్సిన చోట చెయ్యి అలవాటుగా ఐలన్న నంబరే రాస్తుంది. సొంత నంబర్లు రీచార్జి లేక మారిపోతుంటాయి, ఐలన్నది మారదు. ఫోను మోగితే ఐలన్న చెప్పులేసుకుని ఆ ఇంటికి నడిచి వెళ్లి చెప్పి వస్తాడు. ఎంసెట్‌లో రవళి ర్యాంకు వచ్చింది కూడా ఆ నంబరుకే, వానలో తల మీద యూరియా బస్తా కప్పుకుని వచ్చి, గడపలో నిలబడి, అంకెలను ఒక్కొక్కటిగా చదివాడు. ఆ నంబరు ఇప్పటికీ ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అది తెలిసిన మనిషి ఇలాంటి నియమం రాయకూడదు. ఇంకెవరు రాసినా తెలియక రాశారనుకోవచ్చు. తను రాసింది.

రెండు సాయంత్రాలు బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి ఐలన్న నమోదు చేశాడట. పేరు అన్న చోట ఎవరి పేరు వాళ్లది, సంస్థ అన్న చోట ఏం రాయాలో తెలియక అందరికీ ఊరి పేరు, ఫోన్ అన్న చోట ఇరవై మూడుసార్లు ఒకటే నంబరు. ఇది కూడా ఇవాళ పొద్దున తెలిసింది. కంప్యూటర్ తెరిస్తే నీళ్ల వర్క్‌షాపు ఎదురుగా ఎర్రగా ఉంది. నమోదైనవారు నలుగురు. ముగ్గురు విద్యార్థులు, ఒక మొగులమ్మ. ఒకే నంబరు మీద ఉన్న ఇరవై రెండు పేర్లు తీసేసి చివరిది ఉంచాను అని ఏజెంటు వినయంగా రాసి పెట్టింది. అవ్వ పేరు ఒక్కటే అలా మిగిలి ఉండడం చూసి రవళికి మొదట ఏమీ అర్థం కాలేదు, ఇంతమందిలో ఈవిడ ఒక్కతే ఎందుకొస్తోంది అనుకుంది. ఆ తర్వాత అర్థమైంది. పళ్లు తోముకునే బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది.

పరుగెత్తుకుని వచ్చింది. నీళ్ల వర్క్‌షాపుకు ఇచ్చిన గదికీ పక్క గదికీ మధ్య మడత తలుపు ఒకటి ఉండేది, దాన్ని అప్పటికే తీసేసి గోడకు చేర్చారు. పక్క గదిలో బేరాలాడే ఏజెంట్ల వర్క్‌షాపు, దానికి నూట పద్దెనిమిదిమంది. రెండు గదులూ కలిసి ఒక హాలైపోయింది, కుర్చీలన్నీ అటు తిరిగి ఉన్నాయి. లైబ్రరీ అడిగింది, పరీక్షలున్నాయన్నారు. క్యాంటీన్ అడిగింది, వంటవాళ్లున్నారు. వరండాలో అయినా అని అడిగింది, దారికి అడ్డమన్నారు. నవీన్‌కు ఫోన్ చేస్తే ఇంట్లో ఉన్నాడు. రద్దు ఉత్తరం నిన్న సాయంత్రం బస్సెక్కబోతుంటే వచ్చిందట, వెనక్కి వెళ్లిపోయాడట. నీకు తెలిసే ఉంటుందనుకున్నా, నువ్వే కదా చూసేది అన్నాడు, నెమ్మదిగానే. ఆఖరుకు పద్మావతి మేడం దగ్గరికి వెళ్లింది. మేడం పూలదండలు లెక్క చూసుకుంటోంది. అంతా విన్నది, విసుక్కోలేదు, నిజంగానే బాధపడింది. "నిన్న మూడు రద్దయ్యాయి రవళీ. మిగతా ఇద్దరూ రాత్రి నాకు ఫోన్ చేసి బతిమాలారు. నియమం నియమమే అన్నాను. ఇప్పుడు మా లెక్చరర్ అమ్మానాన్నల కోసం మార్చామని వాళ్లకెలా చెప్పను, నువ్వే చెప్పు" అంది. రవళి వెనుదిరిగింది. మేడం స్థానంలో తనున్నా అదే అనేది, ఇంకా గట్టిగా అనేది. "పాపం, వాళ్లకు భోజనం మాత్రం పెట్టించు" అని మేడం వెనక నుంచి చెప్పింది.

అయినా నిన్న ఒక అవకాశం వచ్చింది. ఐదున్నరకు, సంచుల్లో పెన్నులూ పుస్తకాలూ సర్దిస్తూ, పేర్ల కార్డులు మెడలో వేసుకునే తాళ్ల చిక్కు తీస్తూ ఉంటే ఐలన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ కాలేజీలకెంచి మెసేజ్ ఒచ్చింది. రేపటి తారీఖున్నది, నీళ్లదని ఉన్నది, మీ అవ్వ పేరు గూడ ఉన్నది. అందరిదీ ఎందుకని ఒక్కరి పేరు ఏసినట్టున్నరు" అన్నాడు. గొంతులో సంబరం. ఆయనకు అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు రాదు. పేరు దొరికింది, తారీఖు దొరికింది, ఆ రెండింటి మధ్య ఉన్నది మంచి వార్తే అనుకున్నాడు, ఎందుకనుకోకూడదు, ర్యాంకు వచ్చిననాడు కూడా పేరూ అంకెలే కదా ఉన్నాయి. అక్షరాలు చదువు కాకా అని ఒక్కమాట అంటే మొదటి పదం దగ్గరే తెలిసిపోయేది. సరే కాకా, పొద్దున్నే వచ్చేయండి అంది రవళి, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టుకుని, తాళ్ల చిక్కు తీస్తూనే. అన్నీ తనంతట తనే చేసుకుపోయే మనిషి ఒక్క నిమిషం ఆగలేకపోయింది.

ఏం చెప్పాలి. బండి ఆగగానే నిజం చెప్పేయాలి, నాయినా గది పోయింది, నేను రాసిన నియమం వల్ల పోయింది. లేదు, ముందు దిగనివ్వాలి, మంచినీళ్లు ఇవ్వాలి. మంచినీళ్లు, ఇరవై మూడు సీసాలతో వస్తున్నవాళ్లకు. లేదంటే ఇలా చెబితే, తప్పు ఎవరిదీ కాదు, ఫోన్ నంబరు ఒకటే అవడం వల్ల, అంటే ఐలన్న కాక తలకాయ దించుకుంటాడు, వాడంతా ఇంకో పదేళ్లు ఆ మాట ఆయన్ని అంటూనే ఉంటుంది, చెప్పులేసుకుని ఇంటింటికీ నడిచిన మనిషిని. అది కుదరదు. నేను రాశాను అంటే, నాయిన ఏమీ అనడు. ఆయన ఏమీ అనకపోవడాన్ని తట్టుకోవడం తన వల్ల కాదు. సంగారెడ్డి సారు కూడా ఇలాగే ఉండేవాడేమో అనిపించింది ఉన్నట్టుండి. ఆయన కూడా సీసాను ఎక్కడికో పంపాలనుకుని ఉంటాడేమో, దానికేదో నియమం అడ్డమొచ్చి ఉంటుందేమో, వాళ్లు మళ్లీ వచ్చేసరికి ఏం చెప్పాలో తెలియక నవ్వి ఉంటాడేమో. ఇన్నేళ్లు ఆయన్ని తిట్టుకుంటూ చదివింది. ఇప్పుడు ఆయన మీద జాలి పడడం ఇష్టం లేక రవళి లేచి నిలబడింది.

తొమ్మిదీ పదికి డీసీఎం వచ్చింది. వెనక తలుపు దించగానే ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగారు. ఉతికిన చొక్కాలు, తలకు నూనె, ఆడవాళ్ల కొప్పుల్లో బంతిపూలు. అందరి చేతుల్లో సీసాలు, వాటి మీద ఐలన్న కాగితాలంటించి పేర్లు రాశాడు. వచ్చేప్పుడు నీళ్లు కుదుపుకు ఒలికాయేమో, అవ్వ కొంగుతో తన సీసా తుడుస్తోంది. ఐలన్న నేరుగా గార్డు దగ్గరికి వెళ్లి ఫోను చాపి, దర్జాగా మెసేజ్ చూపించాడు. గార్డు కళ్లు చిట్లించి చదివాడు, "యే తో క్యాన్సిల్ హై" అన్నాడు, పాపం అతనికీ ఏం చేయాలో తెలియక రవళి వైపు చూశాడు. అందరూ రవళి వైపు చూశారు.

"ఏందట బిడ్డా?" అన్నాడు ఐలన్న.

"గది పోయింది కాకా. నిన్న సాయంత్రమే పోయింది. మనది ఇయ్యాల లేదు."

 రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వెళ్లింది. ఐలన్న ఫోను వెనక్కి తిప్పి, ఆ మెసేజ్‌ను మళ్లీ చూసుకున్నాడు. "నేను నింపుడుల ఏమన్న గలతయిందా?" అని అడిగాడు, మెల్లగా, మిగతావాళ్లకు వినపడకుండా.

నేను రాసిన నియమం అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. నాయిన అక్కడే ఉన్నాడు, సీసా పట్టుకుని. "లేదు కాకా, నువ్వు మంచిగనే నింపినవ్. కంప్యూటర్ తప్పు జేసింది" అంది రవళి. ఏజెంటు తనంతట తాను తప్పు చేయదు, మనం చెప్పిందే చేస్తుంది అని ఐదేళ్లుగా క్లాసులో పిల్లలకు చెబుతున్న మనిషి.

"గట్లనా" అన్నాడు పెద్దరాములు. నమ్మాడు. "కంప్యూటర్‌ది తప్పైతే నువ్వేం జేస్తవ్ బిడ్డా. పరేషాన్ గాకు."

అవ్వ మాత్రం రవళి మొహంలోకి చూసింది, ఒక్క క్షణం, జడ వేసేటప్పుడు తల ఇటు తిప్పి చూసినట్టు.  గోడ నీడన కొంగు పరిచి, "జెర సేపు గీడ్నే కూసుంటం. కుర్సీలైతే కాళ్లు ఏడ వెట్టాల్నో తెల్వది మాకు. నువ్ లోపటికి పో, నీ పనికి లేటైతది" అంది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు, సీసాలు గోడ వెంట పెట్టారు. ఆడిటోరియం మైకులో పద్మావతి మేడం గొంతు వినిపించింది, వర్క్‌షాపుల బాధ్యురాలు రవళి ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలని.

పెద్దరాములు లేచి వచ్చి తన సీసా ఆమె చేతిలో పెట్టాడు. మెడకు ఎర్ర దారం. "ఒచ్చినందుకు ఇదొక్కటన్న లోపటికి వోనీ. మీ కిటికీల వెట్టుకో" అన్నాడు. తర్వాత మెడ కొంచెం వంచి, "మొక్క మాత్రం వెట్టకు బిడ్డా" అని నవ్వాడు.

ఏం చేయాలో తెలియక రవళి కూడా నవ్వింది.